సముద్రం పక్కన సైకిల్ దారి, ఒక గోడ, ఒక గుంట: నా అనుభవం

మా సైట్ ఆఫీసులో క్యాలెండర్ పక్కనే ఇంకో కాగితం అంటించి ఉండేది. సముద్రం ఏ వేళకు పొంగుతుందో (పోటు), ఏ వేళకు వెనక్కి తగ్గుతుందో (ఆటు) చెప్పే పోటు పట్టిక. మొదటి రెండు వారాలు నేను క్యాలెండర్ చూసి పని ప్లాన్ చేశాను. ఆ తర్వాత ఇరవై నెలలు ఆ కాగితమే చూశాను.

పని చెప్పుకోవడానికి సింపుల్. ఒడ్డు వెంట రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ పొడవున, నడిచేవాళ్లకూ సైకిళ్లవాళ్లకూ దారి వేయాలి. దాన్ని సముద్రం లాక్కుపోకుండా గోడ కట్టాలి. అంతకుముందు నేను చేసినవన్నీ రోడ్లు, కల్వర్టులు. గోడ అంటే గోడే కదా, వెనక మట్టి నెడుతుంది, ముందు నీళ్లు కొడతాయి, అదొక్కటే తేడా అనుకుని చేరాను.

డిజైన్ చూసే పెద్దాయన మొదటి రోజే అడిగారు. "గోడ ఎత్తు ఎంతమ్మా?" టక్కున చెప్పాను. "లోతు?" డ్రాయింగ్ తిరగేయాల్సి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. పాత గోడ పడగొట్టే రోజు తప్పకుండా దగ్గరుండి చూడమని మాత్రం చెప్పారు.

ఆ పాత రాతి గోడ ఒక యాభై మీటర్ల మేర సముద్రం వైపు ఒరిగిపోయి ఉంది. పొక్లెయిన్ పళ్లతో పైవరస లాగుతుంటే రాళ్లు ఊడి రావడానికి మొరాయించాయి. సున్నం ఇంకా గట్టిగా ఉంది. ముఖం మీద పగులు కూడా పెద్దగా లేదు. ఆటు బాగా వెనక్కి వెళ్లినప్పుడు కింద వంగి చూశాను. పునాది రాయికీ ఇసుకకూ మధ్య ఖాళీ. చెయ్యి పెడితే భుజం దాకా లోపలికి వెళ్లింది. ఒక పీత బయటికొచ్చి నా వైపు చూసి మళ్లీ లోపలికి పోయింది. అది అక్కడ చాన్నాళ్లుగా కాపురం ఉన్నట్టే ఉంది.

నిలువు గోడకు కొట్టిన అల ఊరికే విరిగిపోదు, వెనక్కి తిరుగుతుంది. వచ్చే అలా, తిరిగే అలా కలిసి గోడ కాళ్ల దగ్గర ఇసుకను కెలుకుతాయి. తీరం పనుల్లో ఒక మోటు లెక్క ఉంది: వచ్చే అల ఎత్తు ఎంతో, గోడ ముందు గుంట కూడా అంత లోతు పడొచ్చు. మీటరున్నర అల వచ్చే చోట మీటరున్నర ఇసుక లేదనుకునే పునాది లెక్క వేయాలి. ఇప్పుడు కళ్ల ముందు కనిపించే ఇసుక మట్టం మీద నమ్మకం పెట్టుకుంటే, ఆ పాత గోడలాగే అవుతుంది.

పెద్దాయన తన ఫోన్లో ఒక ఫొటో దాచుకున్నారు. 2014 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని డాలిష్ దగ్గర తుఫానుకు సముద్రపు గోడ తెగినప్పటిది. రైలు పట్టాలు స్లీపర్లతో సహా తాడు నిచ్చెనలా గాల్లో వేలాడుతుంటాయి. ఆ లైను మళ్లీ తెరవడానికి ఏప్రిల్ దాకా పట్టింది. "అందరూ పట్టాలు చూస్తారు. నువ్వు పట్టాల కింద ఏం లేదో అది చూడు" అన్నారు. చూశాను. పట్టాల కింద ఉండాల్సిన మట్టి లేదు. ఆ మాట అప్పుడు బాగా అర్థమైందనే అనుకున్నాను.

గోడ ఏ ఆకారంలో ఉండాలి అన్నది మూడు నెలలు నలిగింది. బండరాళ్ల వాలు అయితే అలను బాగా పీల్చుకుంటుంది, కానీ చోటు తింటుంది. నాలుగు మీటర్ల ఎత్తుకు ఒకటికి రెండు వాలు వేస్తే ఎనిమిది మీటర్ల ఒడ్డు రాళ్ల కింద పోతుంది. ఉన్న ఇసుకే కొంచెం. చివరికి ముందు భాగం లోపలికి వంపు తిరిగిన కాంక్రీటు గోడ, కాళ్ల దగ్గర మాత్రం బండరాళ్లు అని తేల్చారు. వంపు కొత్త ఐడియా ఏమీ కాదు. 1900 తుఫానులో సర్వనాశనమైన అమెరికాలోని గాల్వెస్టన్ నగరం, 1904 నాటికి కట్టుకున్న 17 అడుగుల గోడకూ ముఖం అలాగే వంపుగా ఉంటుంది. పైకి ఎగసిన నీటిని తిప్పి సముద్రంలోకే విసరడం దాని పని.

ఎత్తు దగ్గర ఇంకో తలనొప్పి. ఎత్తు పెంచితే నడిచేవాళ్లకు సముద్రం కనపడదు, అప్పుడు ఇంత ఖర్చు పెట్టి ఒడ్డున దారి ఎందుకు? తగ్గిస్తే నీళ్లు దాటి వస్తాయి. దాటే నీటిని కొలిచే లెక్క ఒకటుంది: గోడ పొడవులో మీటరుకు, సెకనుకు ఎన్ని లీటర్లు. యూరప్ ఇంజినీర్లు 2007లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సముద్రాన్ని గమనిస్తూ నడిచే మనిషికి పరిమితి 0.1 లీటరుగా ఉండేది. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. వంద సెకన్లకు మీటరుకు ఒక బకెట్ అన్నమాట. కానీ సముద్రం సెకనుకింత అని కొలిచి పోయదు. చాలా అలలు ఊరకే పోయి, ఏ ఒక్కటో ఆ బకెట్లన్నీ ఒకేసారి ఒకడి మీద కుమ్మరిస్తుంది. సైకిల్ మీద ఉన్నవాడైతే పక్కకు కొట్టుకుపోతాడు. అందుకే మామూలు రోజులకు సరిపడే ఎత్తు పెట్టి, తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు రెండు వైపులా గేట్లు మూసేయాలని నిర్ణయించారు. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, ఇంకా పెరుగుతూనే ఉంది. కాబట్టి రేపెప్పుడైనా పైగోడ ఎత్తు పెంచుకునేలా పునాదిని ముందే వెడల్పుగా వేశాం. డబ్బు దండగ అన్నవాళ్లున్నారు. నాకైతే ఆ ప్రాజెక్టులో జరిగిన మంచి పనుల్లో అదొకటి.

ఇక కట్టడం. ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈరోజు పొద్దున ఆరింటికి నీళ్లు వెనక్కి వెళితే రేపు ఆరూ యాభైకి, ఎల్లుండి ఏడూ నలభైకి. వారం తిరిగేసరికి మిట్టమధ్యాహ్నం ఒక ఆటు, అర్ధరాత్రి ఒక ఆటు. కూలీల షిఫ్టులు, కాంక్రీటు లారీలు, భోజనాలు అన్నీ దాని వెనకే జరుగుతూ పోవాలి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీళ్లు మామూలు కన్నా చాలా దూరం వెనక్కి పోతాయి. పునాది తవ్వడానికి అవే రోజులు. మళ్లీ వచ్చేటప్పుడు మామూలు కన్నా పైదాకా వచ్చేవీ అవే రోజులు. ఒక్కో ఆటుకు మాకు దొరికేది మూడున్నర గంటలు. అందులో నిన్నటి పోటు నింపిపోయిన ఇసుక తోడడానికే గంట.

బండరాళ్ల దగ్గర చాలా గొడవ పడ్డాను. రాయి ఎంత బరువుండాలో చెప్పే హడ్సన్ సూత్రంలో అల ఎత్తు ఘనం అవుతుంది. అల రెట్టింపైతే రాయి ఎనిమిది రెట్లు. రెండు టన్నుల రాయి ఆగే చోట, అల రెట్టింపైతే పదహారు టన్నులది కావాలి. కాబట్టి రెండు టన్నులు అంటే రెండు టన్నులే, ఒకటిన్నర ఫర్వాలేదు అనడానికి లేదు. ఆకారం కూడా ముఖ్యమే. పొడవు, మందానికి మూడు రెట్లు మించకూడదు. పలకల్లాంటివీ గుండ్రటివీ పనికిరావు, ఒకదానిలో ఒకటి చిక్కుకుని కూర్చోవాలి. క్వారీ నుంచి మొదటి వారం వచ్చిన లారీల్లో మూడో వంతు వెనక్కి పంపాను. డ్రైవర్లు నన్ను చూస్తే ఇంజన్ ఆపేవాళ్లు కాదు, ఎలాగూ తిప్పుకుని పోవాలి కదా అని.

కాంక్రీటు గురించి ఒక్క మాట. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే భాగం కన్నా, తడుస్తూ ఆరుతూ ఉండే భాగంలోనే చువ్వలు ఎక్కువ తుప్పు పడతాయి. ఉప్పు, గాలి రెండూ అందేది అక్కడే. అందుకే ఆ భాగంలో చువ్వకూ బయటి ముఖానికీ మధ్య 75 మిల్లీమీటర్ల కవర్ పెట్టాం. కవర్ బ్లాకులు నేనే చేత్తో కదిపి చూసేదాన్ని. మేస్త్రీ గారు నవ్వేవారు: "మేడం, మీరు గోడ కట్టడం కాదు, పళ్ల డాక్టర్‌లా పళ్లు కదిపి చూస్తున్నట్టుంది."

అదే మేస్త్రీ గారు ఇంకో సాయంత్రం నవ్వలేదు.

గోడ వెనక మట్టి నింపే ముందు జియోటెక్స్‌టైల్ పరుస్తారు. సైట్‌లో అందరూ దాన్ని గుడ్డ అనే అంటారు. నీళ్లను పోనిస్తుంది, మట్టిని ఆపుతుంది. రోల్ అయిపోయిన చోట రెండో రోల్ మొదటిదాని మీదికి ఒక మీటరు ఎక్కించాలి. ఆ రోజు పౌర్ణమి వెళ్లిన మర్నాడు. పట్టిక ప్రకారం చీకటి పడేదాకా టైం ఉంది. కానీ గాలి మధ్యాహ్నం నుంచీ సముద్రం వైపు నుంచి ఒకటే వీస్తోంది. అలాంటి గాలి నీళ్లను ఒడ్డుకు తోసి పెడుతుంది. పట్టిక కన్నా నలభై నిమిషాల ముందే మొదటి నురగ తవ్విన కాలువలోకి వచ్చేసింది. పంపు ఒకటి మొరాయించింది. అప్పుడు పిలిచారాయన. "మేడం, ఈ మూల గుడ్డ చాలట్లేదు."

దిగి చూశాను. రెండు రోళ్లు కలిసే చోట, గోడ వైపు మూలలో, మీటరు ఉండాల్సింది నా జానెడు కూడా లేదు. అక్కడ కోసేటప్పుడు ఏటవాలుగా పోయింది. సరిచేయాలంటే పైన వేసిన కంకర తీసి, కొత్త ముక్క పరవాలి. ముప్పావు గంట పని. నీళ్లు అప్పటికే బూట్లలోకి వస్తున్నాయి. ఆలోగా కంకర వేసి మూయకపోతే ఆ పోటుకు అప్పటిదాకా వేసిన ఇరవై మీటర్ల ఫిల్లింగ్ కొట్టుకుపోతుంది.

"కంకర వేసేయండి. రేపు చూద్దాం" అన్నాను.

రేపు ఆ మూల మీద మీటరున్నర మట్టి ఉంది. ఎల్లుండి ఇంకా ఎక్కువ. చెక్‌లిస్టులో 'గుడ్డ అతుకులు' అన్న గడిలో టిక్ పెట్టాను. చెయ్యి వణికిందని చెబితే అబద్ధమే, మిగతా గడులతో పాటు అదీ పెట్టేశాను.

దారి పైభాగం పని మిగతావాటితో పోలిస్తే హాయి. గొడవంతా వెడల్పు గురించే. ఉన్న నాలుగు మీటర్లను గీత గీసి రెండుగా పంచాలా, అందరూ కలిసి వాడుకోవాలా? నడిచే మనిషి గంటకు ఐదు కిలోమీటర్లు, సైకిల్ ఇరవై. కాగితం మీద నాలుగు మీటర్లు చాలా కనిపిస్తాయి గానీ, రెయిలింగ్ పక్కన అర మీటరు ఎవరూ తొక్కరు, హ్యాండిల్ తగులుతుందని భయం. కొలతలతో ఎటూ తేలక, సుద్దతో నేల మీద దారి గీసి ఆఫీసులో ఉన్న ఇద్దర్ని సైకిల్ ఎక్కించి, మిగతావాళ్లం ఎదురు నడిచాం. ఒకాయన పిల్లల బండి కూడా తోశాడు. పది నిమిషాల్లో తేలిపోయింది, మూడు చోట్ల గుద్దుకున్నాం. వంపుల దగ్గర గోడను అర మీటరు బయటికి జరపమని అడిగితే డిజైన్ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. వాళ్లనూ ఒకసారి సైకిల్ ఎక్కించాం.

రెయిలింగ్ స్టీలు, అది కూడా ఉప్పుకు తట్టుకుంటుందని చెప్పే 316 రకం. అయినా నాలుగు నెలలకే టీ మరకల్లాంటి చారలు వచ్చాయి. బలానికేం కాదు, మంచినీళ్లతో కడిగితే తగ్గుతాయి. కానీ ఫొటోలు తీసేవాళ్లు ఊరుకుంటారా. గోడ ముఖం మీద గరుకు గాడులు, చిన్న నీటి తొట్లలాంటి గుంటలు పెట్టించింది మా జీవశాస్త్రం ఆవిడ. నున్నటి కాంక్రీటు మీద ఏ ప్రాణీ నిలవదట. మొదట్లో సెంట్రింగ్ వాళ్లు తిట్టుకున్నారు. తొలి వేసవికి ఆ గుంటల్లో నత్తలు చేరితే అందరికన్నా ముందు ఫొటోలు పంపింది వాళ్లే.

దారి తెరిచారు, రిబ్బన్ కట్ చేశారు, జనం వచ్చారు.

పద్నాలుగో నెలలో, రోజూ అటు వెళ్లే ఒక సైకిల్ ఆయన నిర్వహణ వాళ్లకు చెప్పాడు. "అక్కడొక చోట ముందు చక్రం కొంచెం దిగినట్టుంటుందండీ. కంటికి ఏం కనపడదు." నాకు కబురొచ్చింది. దారి మొదటి నుంచి ఎంత దూరంలో అని అడిగాను. చెప్పారు. ఆ నంబరు నాకు గుర్తే. ఆ మూలే.

మూడు మీటర్ల బద్ద తీసుకెళ్లి దారి మీద పెట్టాను. మధ్యలో 12 మిల్లీమీటర్ల సందు. అంతే. ఎవరైనా రోలర్ సరిగ్గా తిరగలేదనుకుంటారు. సుత్తితో కొట్టుకుంటూ వెళ్లాను. టక్, టక్, టక్, అని వచ్చే చప్పుడు ఒక చోట బొయ్‌మంది. చప్పుడు మారిన చోటల్లా సుద్దతో చుక్క పెట్టాను. చుక్కలు కలిపితే మంచం అంత మేర వచ్చింది. వెంటనే దారి మూయించాను. తారు కోసి తీస్తే దాని మందం ఏడు సెంటీమీటర్లు. దాని కింద ఏమీ లేదు. ఇద్దరు పిల్లలు కూర్చుని ఆడుకునేంత గుహ. లోపల చల్లగా, ఉప్పు వాసన. అప్పటిదాకా ఆ తారు ఒక వంతెనలా నిలబడి సైకిళ్లను మోసింది.

తర్వాత గోడ ముందు వైపు దిగి చూశాను. గోడలో నీళ్లు బయటికి పోవడానికి పెట్టిన వీప్ హోల్స్‌లో ఒకదాని కింద విసనకర్ర ఆకారంలో ఇసుక పరుచుకుని ఉంది. దాన్ని నేను చాలాసార్లు చూశాను. అలలు తెచ్చి పోసిన ఇసుక అనుకున్నాను. ఆ రోజు చేతిలోకి తీసుకున్నాను. ఒడ్డు ఇసుక బూడిద రంగు. ఇది ఎర్రగా ఉంది. మేం లారీల్లో తెప్పించి నింపిన మట్టి.

పోటు వచ్చినప్పుడు గోడ వెనక మట్టిలోకీ నీళ్లు ఎక్కుతాయి. ఆటుకు ముందు వైపు నీళ్లు చకచకా దిగిపోతాయి, వెనక వైపువి అంత తొందరగా దిగవు. లోపల మట్టం ఎక్కువ, బయట తక్కువ. ఆ తేడా నీళ్లను బయటికి తోస్తుంది. దారిలో గుడ్డ ఉంటే మట్టి ఆగుతుంది. జానెడు సందుంటే, ప్రతి ఆటుకూ గుప్పెడో దోసెడో వెంట పోతుంది. రోజుకు దాదాపు రెండుసార్లు, పద్నాలుగు నెలలు. 800 సార్లు పైనే. ఆ మధ్యలో రెండు పెద్ద తుఫాన్లు వచ్చాయి, గోడ ముఖం మీద గీత కూడా పడలేదు. మేమందరం దాని గురించే ఒకరినొకరు మెచ్చుకున్నాం.

పెద్దాయనకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను, టిక్ సంగతితో సహా. కాసేపు మాట్లాడలేదు. "ఇంకెన్ని అతుకులు అలా ఉన్నాయి?" అని మాత్రం అడిగారు. అదొక్కటే అన్నాను. "నీకు తెలిసినది ఒకటి. నువ్వు లేని షిఫ్టుల్లో?" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత నేల లోపలి ఖాళీలు పట్టిచ్చే రాడార్ బండితో దారి మొత్తం తోసి చూశాం. ఇంకో చోట చిన్నది దొరికింది, కుండ అంత. అది నాది కాదు, అయినా సంతోషమేమీ కలగలేదు.

రిపేరుకు 23 రోజులు. భూమి వైపు నుంచి తవ్వి, ఆటుకూ ఆటుకూ మధ్య గుడ్డ దాకా దిగాం. పాత అంచు దొరికినప్పుడు మేస్త్రీ గారు నన్ను పిలిచి చూపించారు. ఏటవాలు కోత అలాగే ఉంది. ఏమీ అనలేదు. కొత్త ముక్కను మీటరు కాదు, మీటరున్నర ఎక్కించాం. దాని మీద ముందు సన్న కంకర, ఆపైన లావు కంకర, ఒక్కో పొర 15 సెంటీమీటర్ల చొప్పున దిమ్మిస కొట్టించాం. ఈసారి చెక్‌లిస్టులో టిక్ పెట్టే గడి తీసేయించాను. ప్రతి అతుకు మీదా టేపు పెట్టి ఫొటో తీయాలి, అంకె రాయాలి. ఫొటో లేకపోతే కంకర బండి కదలదు. పోటు ముంచుకొస్తే ఏం చేయాలో కూడా ముందే రాసుకున్నాం: ఇసుక బస్తాలు అడ్డం వేసి వదిలేయడం, పోయినంత ఫిల్లింగ్ పోనివ్వడం. ఆ సాయంత్రం నేను కాపాడిన ఇరవై మీటర్ల ఫిల్లింగ్ మళ్లీ వేయాలంటే రెండు రోజుల పని, అంతే.

ఇప్పుడు ఆ ప్రాజెక్టులో లేను. అయినా నెలకోసారి, పౌర్ణమి వెళ్లాక, ఆటు వేళకు మెట్లు దిగి ఆ వీప్ హోల్ దగ్గరికి వెళ్తాను. పాచి వల్ల మెట్లు జారతాయి, పట్టుకునే దిగాలి. వెంట ఒక ప్లాస్టిక్ సీసా. కారే నీళ్లు పట్టి, పైకొచ్చి, గోడ మీద పెట్టి పది నిమిషాలు ఆగుతాను. పక్కన సైకిళ్లు పోతుంటాయి. మొదటి రెండు నెలలూ అడుగున సన్నటి ఎర్ర గీత కనిపించింది. మిగిలిపోయిన బురదే అని చెప్పారు, నిజమే కావచ్చు. మొన్న ఆదివారం సీసా ఎండకు పెట్టి చూశాను. అడుగున ఏమీ లేదు.

వచ్చే పౌర్ణమి తర్వాత ఆటు తెల్లవారుజామున పడుతుంది. టార్చి తీసుకెళ్లాలి.